గాజు పలకలో గబ్రియేలు

ఆ రోజుల్లో కాలేజీలో ఫిజిక్సు చదివే కుర్రాడంటే మా కాజీపేటలో కాస్త మర్యాద ఉండేది. ఎవరింట్లో రేడియో మూగబోయినా, ఫ్యాను మొరాయించినా నాకే కబురొచ్చేది. (నేను విప్పిన రేడియోల్లో మళ్లీ పలికినవి ఎన్నని మాత్రం అడగకండి.) ఎనభైల మొదట్లో ఒకనాడు మా లెక్చరర్ హోలోగ్రాం గురించి చెప్పారు. మనిషి లేనిచోట మనిషి రూపం నిలువెత్తున గాల్లో నిలబడుతుందట, పక్కకు జరిగి చూస్తే పక్క కూడా కనబడుతుందట. దానికి లేజరు కావాలి. మా కాలేజీలో లేజరు మాట దేవుడెరుగు, ఉన్న ఒక్క మంచి భూతద్దాన్ని కూడా బీరువాలో పెట్టి తాళం వేసేవారు. అయినా ఆశ చావక వెతికితే, ఒక పాత సైన్సు పత్రికలో చౌక ఉపాయం దొరికింది. వేదిక మీద పెద్ద గాజు పలకను ఏటవాలుగా నిలబెట్టి, పక్కన చాటుగా ఒక మనిషిని ఉంచి గట్టిగా వెలుతురు వేస్తే, ఆ ప్రతిబింబం గాజు వెనక గాల్లో నిలబడ్డట్టు కనబడుతుంది. ఇంకేం, ఆ ఏడు మా చర్చి క్రిస్మస్ నాటకంలో గబ్రియేలు దూత ఏటా లాగా స్టూలు ఎక్కడనీ, గాల్లోనే ప్రత్యక్షమై గాల్లోనే మాయమవుతాడనీ ఊరంతా చాటేశాను.

గాజు పలకను స్టేషన్ రోడ్డులో ఫోటోలకు ఫ్రేములు కట్టే మా మేనమామ ఇచ్చాడు. దాంతోపాటు "పగిలితే నీకు నాకు చుట్టరికం లేదు" అన్న మాట కూడా ఇచ్చాడు. దూత వెనక నల్లగా ఉండాలి కాబట్టి సండే స్కూలు నల్లబల్లలు రెండు తెచ్చి నిలబెట్టాను. పెద్ద బల్బును కిరసనాయిలు డబ్బాలో బిగించి, మూత మెల్లగా తెరిస్తే దూత మెల్లగా వెలిగేలా ఏర్పాటు చేశాను. ఇక మిగిలింది గార్డు తాత. రైల్వేలో గార్డుగా చేసి రిటైరైన ఆ సంఘపెద్ద పచ్చజెండా ఊపితే తప్ప మా చర్చిలో కుర్చీ కూడా కదిలేది కాదు. రిహార్సల్ చూశాకే మాట చెబుతానన్నాడు.

ఇక్కడ మా చెల్లె గురించి చెప్పాలి. దానిది ఎడమచేతి వాటం. అన్నం ఆ చేత్తో తినకుండా నాయనమ్మ ఆ చేతికి గుడ్డ కట్టి కూర్చోబెట్టేది. సండే స్కూల్లో పాటకు అందరి చేతులూ ఒకవైపు లేస్తే దీనిది మరోవైపు లేచేది, అందుకని టీచరమ్మ దాన్ని వెనక వరసలోకి తోసేసింది. నాటకాల్లో ఏటా గొర్రె వేషమే. (గొర్రెకు చేతులతో పని లేదు కదా.) ఒక్కసారైనా ముందు నిలబడి, పది మందికీ కనబడి, ఒక మాట చెప్పాలని దాని కోరిక. ఆ ఏడు కూడా గొర్రె వేషానికి తోలు చేతికిచ్చేసరికి అది ఇంటికొచ్చి దుప్పటి ముసుగులో ఏడ్చింది. నాకు జాలేసింది గానీ, హోలోగ్రాం పనిలో పడి మరిచిపోయాను.

రిహార్సల్ రోజు గార్డు తాత మనవరాలే దూత. దీపాలార్పి డబ్బా మూత తెరిచాను. మరియ పక్కన, ఏమీ లేని గాల్లో, తెల్లటి దూత మెల్లగా తేలివచ్చింది. ఆడవాళ్లు "ప్రభువా!" అన్నారు. నా ఛాతీ చొక్కా గుండీలు తెంచుకునేంత పని చేసింది. అంతలో దూత దీవించడానికి చెయ్యెత్తింది.

"ఆపుండ్రి!" గార్డు తాత లేచాడు. "గిదేం దూతరా? ఎడమచెయ్యెత్తి దీవిస్తాంది!"

"తాతా, పిల్ల ఎత్తింది కుడిచెయ్యే. అద్దంల తిరగవడ్తది."

"నీ అద్దం సంగతి నాకెందుకు? కూసున్నోళ్లకు ఏం కనవడ్తాంది? అది చెప్పు."

నేను కాంతి కిరణాల దగ్గర్నుంచి మొదలుపెట్టి పాఠం చెప్పాను. సగం మంది ఆవలించారు. సరే, ఎడమచెయ్యి ఎత్తమని ఆ పిల్లను బతిమాలాను. పెద్దల ముందు ఎడమచెయ్యి ఎత్తొద్దని పుట్టినప్పటి నుంచి విన్న పిల్ల అది. ఒకసారి కుడిచెయ్యి ఎత్తింది, ఒకసారి రెండూ ఎత్తింది, చివరికి రెండు చేతులతో మొహం కప్పుకుని ఏడ్చింది. "పోనీ, ఎప్పటి తీరు స్టూలే ఎయ్యుండ్రి" అన్నాడు తాత. నా హోలోగ్రాం అక్కడితో సమాప్తమనుకున్నాను.

అప్పుడు గొర్రెల్లోంచి మా చెల్లె లేచింది. "అన్నా, నేను చేస్త."

"నువ్వా? పుర్రచేతిదానివి, గుడిల నవ్వులపాలు జేస్తవ్. కూసో" అంది నాయనమ్మ.

"పుర్రచెయ్యే కావాలె నాయనమ్మా!" అని అరిచాను. "ఇంతమందిల గా చెయ్యి దీనికొక్కదానికే ఉన్నది!"

చెల్లె నా మొహంలోకి చూసింది. ఆ చెయ్యి కావాలన్న మాట అది వినడం అదే మొదలు. తోలు తీసేసి వెళ్లి నల్లబల్లల ముందు నిలబడింది, అలవాటుగా తన చెయ్యి ఎత్తింది. గాజులో కుడిచెయ్యి లేచింది. గార్డు తాత కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూసి, "ఆఁ, గిట్లుండాలె" అన్నాడు.

క్రిస్మస్ సాయంత్రం చర్చి కిటికీల దాకా జనం. దూత ప్రత్యక్షమైంది, దీవించింది, "భయపడకుము" అంది. ఆ గొంతు కాస్త వణికింది గానీ ఆగలేదు. నాయనమ్మ కొంగు నెత్తిమీదికి లాక్కుని లేచి నిలబడి చేతులు జోడించింది. ఆవిడను చూసి వరసంతా లేచింది. ఆ తరువాత గొర్రెల కాపరి ఒకడు భక్తి ఎక్కువై ముందుకొచ్చి నుదురు గాజుకు ఠంగుమని కొట్టుకోవడం, చీకట్లోంచి మా మేనమామ "నా అద్దం!" అని కేక పెట్టడం కూడా జరిగాయి. నుదురు బొప్పి కట్టింది, అద్దానికేం కాలేదు.

ఆ రోజు చర్చిలో దూతను చూడనిది ఒక్క మా చెల్లే. చాటున నిలబడ్డ దానికి నా కిరసనాయిలు డబ్బా తప్ప ఏమీ కనబడలేదు. దారి పొడుగునా "అన్నా, నేనెట్ల కనవడ్డ?" అని అడుగుతూనే వచ్చింది.

ఇంటికొచ్చి అన్నాలకు కూర్చున్నాం. నాయనమ్మ గుడ్డ తేలేదు.

"సంఘానికంత దీవెనిచ్చి వచ్చినవ్. మరి నాకేదీ బిడ్డా?"

చెల్లె చెయ్యెత్తబోయి, గుర్తొచ్చి చప్పున దించేసి, కుడిచెయ్యి ముందుకు చాపింది. నాయనమ్మ దాన్ని పక్కకు నెట్టింది.

"ఇది కాదు. గాడ ఎత్తిన చెయ్యి."

అని ఆ ఎడమచేతిని తానే పట్టుకుని, తలవంచి, నెత్తిమీద పెట్టుకుంది. చెల్లె నవ్వాలో ఏడవాలో తెలియక నావైపు చూసింది. నేను నీళ్లు తాగుతున్నట్టు చెంబు మొహానికి అడ్డం పెట్టుకున్నాను.

ఈమధ్య హన్మకొండలో ఒక నగల దుకాణం ముందు గాల్లో గిర్రున తిరిగే హారం చూశాను. తెలిసినవాడిలా వెనక్కి వెళ్లి గాజు పలక ఎక్కడుందా అని వెతుకుతుంటే వాచ్‌మన్ "ఏం గావాలె సార్?" అన్నాడు. మనిషి లేనిచోట మనిషిని చూపించానని మీసం మెలేసిన ఆ పంతొమ్మిదేళ్ల శాస్త్రవేత్త గుర్తొచ్చి నవ్వొచ్చింది. పాపం, వాడు చూపించింది ఉన్న మనిషినే. ఏళ్ల తరబడి మా వెనక వరసలోనే ఉంది.