సుగుణమ్మ చుక్క, నిఖిలేష్ ఫ్లెక్సీ

మాదన్నపేటలో పప్పుల హోల్‌సేల్ దుకాణం వాళ్ల కోడలు సుగుణమ్మ. ముప్పై ఏళ్లు కందిపప్పులో రాళ్లు ఏరింది. ఇప్పుడు ఆకాశంలో ఏరుతోంది. మొగుడు అమరనాథ్ గల్లాపెట్టె మీద కునుకు తీసే మధ్యాహ్నాల్లో, ఎక్కడో కొండ మీది టెలిస్కోపు తీసిన ఫొటోలు ఆమె కంప్యూటర్‌కి వస్తాయి. కొన్ని నిమిషాల తేడాతో తీసినవి, నాలుగేసి. ఒకదాని వెనక ఒకటి తిప్పితే నక్షత్రాలు కదలవు. కదిలిన చుక్క గ్రహశకలం, అంటే సూర్యుడి చుట్టూ తిరిగే రాయి కావచ్చు. పదో తరగతి తప్పిన మనిషి ఇదంతా సొంతంగా నేర్చుకుంది. అడిగితే నాకూ నేర్పింది, నడుమ నడుమ పప్పు ధరలు కలిపి.

ఇంతవరకు రెండు గ్రహశకలాలు దొరికాయి. తోకచుక్క కోసం ఆరేళ్లుగా చూస్తోంది.

"అది మా ఆడపడుచు లెక్క. వస్తే మస్తు సోకు, రాకుంటే ఏండ్లకేండ్లు రాదు."

ఆ రెండింటికీ గల్లీలో ఎవరూ ఛాయ్ కూడా పొయ్యలేదు. మూడో చుక్కను ఆ టెలిస్కోపు వాళ్లకు పరీక్షకు పంపిందని అమరనాథ్ నోరు జారాడు. అంతే, ఫ్లెక్సీలు అచ్చువేసే నిఖిలేష్ తెల్లారేసరికి బజారు మలుపులో ఒకటి కట్టేశాడు: కొత్త గ్రహం కనిపెట్టిన సుగుణమ్మకు శుభాకాంక్షలు. ఆమె ఫొటో అరచెయ్యంత, కార్పొరేటర్ ఫొటో ఆటో అంత.

అది చూసి సుగుణమ్మకు గుబులు పుట్టింది. వాళ్ల దుకాణంలో ఏరిన పప్పును రెండోసారి ఏరందే సంచి కుట్టరు. బోనాల పనుల్లో పడి ఈ చుక్కను ఒక్కసారే చూసి పంపింది. ఇంటికొచ్చి మళ్లీ చూసింది. మూడు ఫొటోల్లో బుద్ధిగా నడిచిన చుక్క నాలుగోదాంట్లో పక్కకు దూకింది. రాళ్లు అట్లా దూకవు. కెమెరాలో పుట్టిన మచ్చ అది.

"ఫికర్ చెయ్యకు. గల్లీల ఎవనికి తెలుస్తది?" అన్నాడు అమరనాథ్.

"ఆడ చూసెటోళ్లకు తెలుస్తది. రేపు నిజంది పంపితే నమ్మాలె గదా."

పొరపాటైందని టెలిస్కోపు వాళ్లకు రాసేసి, నిఖిలేష్ దగ్గరికి పోయింది.

"ఫ్లెక్సీ తీసెయ్ బిడ్డా. అది తప్పు చుక్క."

"బోనాలదాక ఉండనియ్యి చిన్నమ్మా. కార్పొరేటర్ సాబ్ రేపు ఇటే వస్తడు. తీసేస్తే లొల్లి చేస్తడు."

"ఆయన్ని తియ్యమన్ననా? నన్ను తియ్యి."

వాడు నసుగుతుంటే వాడి కత్తెరే గుంజుకుని, స్టూలెక్కి తన ఫొటో, పేరు, గ్రహం అన్నీ కోసేసింది. ఆటో అంత కార్పొరేటర్ ఒక పెద్ద చిల్లుకు శుభాకాంక్షలు చెబుతూ మిగిలాడు.

మర్నాడు ఆయన వచ్చాడు. కాసేపు తలెత్తి చూసి, ఫొటో మంచిగొచ్చిందన్నాడు.