లేడీస్ ఫుట్‌రెస్టు

రెండువేల ఆరు, మాఘమాసంలో ఒక గురువారం. ఉదయం తొమ్మిది గంటలకు నేనూ మా చెల్లెలు సుబ్బులూ తెనాలిలో రేపల్లె ప్యాసింజరు ఎక్కాం. ఎదురుబల్ల మీద ముప్పయ్యేళ్ళ అబ్బాయి ఒళ్ళో ఏదో ఇనుపముక్క పెట్టుకుని నా కాళ్ళకేసే చూస్తున్నాడు.

"ఏంటబ్బాయ్ ఆ చూపు?" అన్నాను.

"తప్పుగా అనుకోకండి పెద్దమ్మా. అమ్మ పోయింది. ఆవిడ గుర్తుగా మా పాత మోటారుసైకిలు బాగుచేయిస్తున్నానండి. ఇది లేడీస్ ఫుట్‌రెస్టు. ఇది లేక బతికినన్నాళ్ళూ అమ్మ బండి వెనక కాళ్ళు వేలాడేసుకునే కూర్చుంది. మీరూ అంతే పొడుగు. ఒక్కసారి కాలు పెట్టి చూస్తారా?"

"ఇప్పుడు కూర్చునేదెవరు? నీ పెళ్ళామా?"

"ఎవరూ కూర్చోరండి. అమ్మ కోసమే."

"చచ్చిపోయినావిడకి ఇదెందుకురా?"

సుబ్బులు నవ్వింది. "పెట్టవే అక్కా, నీ కాలేం అరిగిపోదు."

అతను నా ముందు గొంతుక్కూర్చుని ఫుట్‌రెస్టు పట్టుకున్నాడు. కాలు పెట్టాను.

"ఎత్తయింది. మోకాలు పట్టేస్తోంది."

కిందికి దింపాడు. "ఇప్పుడండీ?"

"ఇప్పుడు హాయిగా ఉంది."

పక్కన పూలమ్మే కాశింబీ దండలు కట్టే దారంతో ఆ ఎత్తు కొలిచి, ముడివేసి అతని జేబులో పెట్టింది. పని అయిపోయింది. అయినా అతను లేవలేదు. నా కాలి బరువు మోస్తూ వేమూరు దాకా అలాగే ఉన్నాడు. కాలు తియ్యాలో ఉంచాలో నాకు తోచలేదు.

ఆ రోజు అక్కడ ఉన్నది నేను, సుబ్బులు, కాశింబీ, ఆ అబ్బాయి. వాళ్ళమ్మని కూడా లెక్కలో వెయ్యాలో వద్దో ఈనాటికీ నాకు తేలలేదు.