పంపు తుపాకీ, మెత్తని చెయ్యి

మా ఆయనకి మీసం పెద్దది, గొంతు చిన్నది. పటాలంలో ఉన్నన్నాళ్ళూ లారీలు తోలి, పెన్షన్ మీద బయటికొచ్చి, పటమటలో మా ఇంటికి దగ్గర్లోనే ఉన్న ఒక బ్యాంకులో గన్‌మన్‌గా చేరారు. ఆ మీసం చూసి ఆయన యుద్ధాలు చేసొచ్చారని వీధి వీధంతా నమ్మింది. నేను మాత్రం, కూరలో ఉప్పు ఎక్కువైతే ఆ మాట చెప్పడానికి మొహమాటపడి మజ్జిగ పోసుకుని తినేసే మనిషితో కాపురం చేస్తున్నాను. బ్యాంకులోకి దొంగ వచ్చినా ఈయన "కాస్త ఆ పక్కన నిలబడండి" అంటారని నా అనుమానం.

చేరిన కొత్తలో ఆయనది పాత డబుల్ బ్యారెల్ తుపాకీ. నడుం దగ్గర విరిచి రెండు తూటాలు పెట్టి మూసేస్తే అయిపోయేది. దానికీ మా ఆయనకీ ఏ గొడవా లేదు. రెండు వేల సంవత్సరం దాటాక బ్యాంకు వాళ్ళు పంపు తుపాకీలు ఉన్నవాళ్ళే కావాలన్నారు. ఆయన లైసెన్సు మార్పించుకుని, పాతది అమ్మి, కొత్తది తెచ్చారు. దాని గొట్టం కింద ఇంకో గొట్టం. అందులో తూటాలు ఒకదాని వెనక ఒకటి బారుగా ఉంటాయి. ఆ గొట్టం మీదున్న కర్ర పిడిని వెనక్కి లాగితే పేలిపోయిన తూటా బయటపడుతుంది, ముందుకి తోస్తే కొత్త తూటా లోపలికెళుతుంది. ఛక్ ఛక్ అని చప్పుడు. ఆయన మొదటిసారి చూపించినప్పుడు "కుట్టు మిషను కంటే తేలికే" అన్నాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది.

గన్‌మన్లకి ఏటా ఒకసారి కొండపల్లి కొండల వైపు ఫైరింగ్ పరీక్ష పెట్టేవాళ్ళు. కొత్త తుపాకీతో వెళ్ళిన మొదటి ఏడాది మా ఆయనది ఒకటి పేలింది. రెండోది ఇరుక్కుంది. పేలిన తూటా ఖాళీ కేసు బయటికి రాదు, కొత్త తూటా లోపలికి పోదు. రెండూ బస్సు గుమ్మంలో దిగేవాడూ ఎక్కేవాడూ గుద్దుకున్నట్టు నిలబడిపోయాయట. మేనేజరు గారు మంచివారే. పక్కకి పిలిచి, "వచ్చే ఏడాది కూడా ఇలాగే అయితే నేనేం చెయ్యలేనండీ, ఏజెన్సీ నుంచి వేరే మనిషిని తీసుకోమంటారు పైవాళ్ళు" అని చెప్పారు.

ఆ సాయంత్రం ఆయన ఇంటికొచ్చి యూనిఫాం విప్పి, దండెం మీద వెయ్యకుండా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. నాకు భయం వేసింది. పెన్షన్ వస్తుంది, తిండికి లోటు లేదు. కానీ పొద్దున్నే ఆ యూనిఫాం తొడుక్కుని, బూట్లు మెరిపించుకుని, బ్యాంకు గుమ్మం దగ్గర నిలబడి వచ్చేపోయేవాళ్ళ నమస్కారం అందుకోకపోతే ఆయన మనిషి కారు. ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఆయన రోజంతా ఇంట్లో కూర్చుంటే నేనూ మనిషిని కాను.

మరుసటి ఏడు దసరా వెళ్ళిన వారానికే తుపాకీ మళ్ళీ మొరాయించింది. ఫైరింగేమో కార్తీకమాసంలో. ఇద్దరం వన్ టౌన్‌లో తుపాకీలు బాగుచేసే సాయిబు గారి కొట్టుకి వెళ్ళాం. వాళ్ళ తాతల నాటి నుంచీ అదే పని. నన్నెందుకు తీసుకెళ్ళారంటే, తుపాకీలో ఏం తప్పుందో వివరంగా చెప్పడానికి ఈయనకి మొహమాటం.

సాయిబు గారు ముందు తుపాకీ ఖాళీగా ఉందో లేదో చూసుకుని, తూటాల గొట్టం మూత తిప్పి, స్ప్రింగు బయటికి లాగారు. స్ప్రింగు పసుప్పచ్చగా ఉంది. వాసన చూశారు.

"గంధం" అన్నారు.

"ఆయుధ పూజకి పెట్టానండీ" అన్నాను.

"లోపలికి కూడా పెట్టారామ్మా?"

"లోపలికి నేనెందుకు పెడతాను! పైన మూడు బొట్లు పెట్టాను, అంతే. మధ్యలో కుంకుమ."

"ఆ పైన కొబ్బరినూనె?"

అది మా ఆయన పని. తుప్పు పట్టకూడదని ధారాళంగా రాశారు. నూనె గంధాన్ని కరిగించి కిందికి దించింది, రెండూ కలిసి స్ప్రింగుని పట్టుకున్నాయి. తూటాలు వెనక్కి జరగాల్సినంత చురుగ్గా జరగడం లేదు.

సాయిబు గారు నవ్వి, "దసరా వెళ్ళాక నాకు సీజనమ్మా. గంధం గీక్కోవడమే పని. పూజ మానమని అననండీ, బొట్టు మాత్రం భుజానికి ఆనే కర్రకి పెట్టండి. ఇనుముకి వద్దు. కొబ్బరినూనె మీరు తలకి రాసుకోండి, దీనికి నేనిచ్చే నూనె చాలు, అదీ రెండు చుక్కలు" అన్నారు. తుపాకీకి బొట్టు పెట్టకూడదని ఏ శాస్త్రంలో ఉందని నేను వాదిద్దామనుకున్నాను గానీ, ఆయన పెట్టొద్దనలేదు కదా, చోటు మార్చమన్నారు. ఊరుకున్నాను.

తర్వాత తూటాలు చూశారు. ఒక ఇనుప కడియంలాంటి దాంట్లోంచి ఒక్కొక్కటీ జారవిడిచారు. కొన్ని జారాయి, కొన్ని నడుం దగ్గర పట్టేశాయి. మా బీరువా కింది అరలో వానాకాలమంతా చెమ్మలో ఉండి ఉబ్బాయట. బలవంతంగా తోస్తే ప్రమాదమని వాటిని పక్కన పెట్టేసి, కొత్తవి కొనుక్కోమన్నారు.

ఇక బాగైపోయినట్టే. సాయిబు గారు డమ్మీ తూటాలు ఎక్కించి పిడి లాగారు. ఛక్ ఛక్, ఛక్ ఛక్. తూటాలు ఒకదాని వెంట ఒకటి బల్ల మీద పడ్డాయి. నాకు ప్రాణం లేచొచ్చింది. "మీరు ఒకసారి చూడండి సార్" అని మా ఆయన చేతికిచ్చారు. మూడో తూటా ఇరుక్కుంది.

మళ్ళీ సాయిబు గారు చేశారు. పోయింది. మా ఆయన చేశారు. ఇరుక్కుంది. సాయిబు గారు తుపాకీ మొత్తం విప్పి, తూటాని పట్టే కొక్కెం చూశారు, పైకెత్తే రేకు చూశారు, అన్నీ దీపం కింద పెట్టి చూశారు. "తుపాకీలో ఏం లేదండీ" అన్నారు. విప్పినవన్నీ బిగిస్తూ, "తుపాకీలో అయితే ఏం లేదండీ" అన్నారు. పటాలంలో చేసొచ్చిన పెద్దమనిషికి, అందులోనూ భార్య ముందు, అంతకంటే ఏం చెప్తారు పాపం. మా ఆయనకి అర్థమైనా పైకి ఒప్పుకోలేదు. ఇద్దరు మర్యాదస్థులూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ కూర్చున్నారు. ఆ మర్యాదలో మా ఉద్యోగం ఊడిపోయేలా ఉంది.

నేను స్టూలు మీద కూర్చుని మా ఆయన చెయ్యే చూస్తున్నాను. సాయిబు గారు పిడిని చివరిదాకా, టక్కుమనేదాకా లాగుతున్నారు. ఈయన ముప్పాతిక దాకా లాగి, ఎవరో నిద్రపోతున్న గదిలో తలుపు వేసినట్టు మెల్లిగా తోసేస్తున్నారు.

"ఏవండీ, ఆడలేనమ్మ మద్దెల మీద పడి ఏడ్చిందట. మీరసలు పూర్తిగా లాగడం లేదు" అన్నాను.

సాయిబు గారు చటుక్కున తల దించుకుని స్ప్రింగు తుడవడం మొదలుపెట్టారు. ఆ తుడుపులో ఎంత సంతోషం ఉందో నాకు తెలుసు.

దారిలో రిక్షాలో కూర్చున్నాక గట్టిగా అడిగాను, పూర్తిగా లాగడానికి ఏమొచ్చిందని. ఆయన కాలవ వైపు చూస్తూ చెప్పారు. కొత్త తుపాకీ వచ్చిన మొదటి నెలలో, పెన్షన్లు ఇచ్చే రోజు పొద్దున్నే బ్యాంకు హాల్లో తూటాలు ఎక్కించి పిడి లాగారట. ఆ చప్పుడుకి వరసలో ఉన్న ఒక ముసలావిడ గుండె పట్టుకుని కూలబడిపోయింది. మంచినీళ్ళు తాగించి ఫ్యాను కింద కూర్చోబెట్టారు. ఆవిడ తేరుకుని, "నిన్ను చూసి కాదు నాయనా, ఆ చప్పుడుకే భయం వేసింది" అందట. మేనేజరు గారు కూడా కాస్త మెల్లగా చెయ్యమన్నారు. అప్పటి నుంచి పొద్దున ఎక్కించేటప్పుడూ, సాయంత్రం తీసేటప్పుడూ ఈయన చప్పుడు కాకుండా, నెమ్మదిగా, బతిమాలి బతిమాలి చేస్తున్నారు. ఏడాదిన్నర అలా చేసేసరికి చెయ్యి మెత్తబడిపోయింది.

నాకు కోపం రావాలి కదా. రాలేదు. రిక్షాలో ఆయన చెయ్యి పట్టుకుని కూర్చోవాలనిపించింది గానీ, బెంజి సర్కిల్ దగ్గర తెలిసినవాళ్ళు చాలామంది ఉంటారు.

ఇంటికి రాగానే ఆలోచన వచ్చింది. మా వీధి చివర ఒక బోరింగు ఉంది. మునిసిపాలిటీ నీళ్ళు రాని పూట అందరం దాని మీదే పడేవాళ్ళం. ఆ బోరింగుకి ఒక గుణం ఉంది. పిడిని పూర్తిగా ఎత్తి, పూర్తిగా దించితేనే నీళ్ళు. సగం సగం కొడితే గుర్రుమని గాలి వదులుతుంది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. ఇంట్లో బోరింగు లేదు కాబట్టి వీధిలోనే గెలవమన్నాను.

మర్నాడు పొద్దున మీసంతో, లుంగీతో, బనీనుతో మా ఆయన బోరింగు దగ్గర నిలబడ్డారు. బిందె పెట్టాను. ఆయన అలవాటుగా మెత్తగా కొట్టారు. గుర్రు. మళ్ళీ కొట్టారు. గుర్రు. పక్కింటి మామ్మగారు తన బిందె పట్టుకుని వెనకే నిలబడి ఉంది. కాసేపు చూసి, "నాయనా, దాన్ని కొడుతున్నావా, బతిమాలుతున్నావా?" అంది.

వీధి ఆడవాళ్ళంతా పగలబడి నవ్వారు. మా ఆయన మీసం చాటున నవ్వి, పిడి ఆకాశానికెత్తి భూమికి దించారు. బిందెలో నీళ్ళు పడ్డాయి.

ఆ తర్వాత ఆయన కష్టాలు ఆయనవి. "బాబాయ్ గారు ఉద్యోగం కోసం ప్రాక్టీసు చేస్తున్నారంట" అని తెలియగానే బిందెలు, బక్కెట్లు, ఆఖరికి ఒక ఇంటి నుంచి గంగాళం కూడా వచ్చి వరసలో నిలబడ్డాయి. మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి అని ఊరికే అనలేదు. ఎవరిదైనా సగంలో ఆపబోతే చాలు, "బిందె నిండలేదండీ" అని వెనక నుంచి నేను. మామ్మగారి బిందె మాత్రం అందరికంటే ముందు కొట్టేవారు, ఆవిడ చేతుల్లో బలం లేదని. మధ్యలో రెండుసార్లు సాయిబు గారి కొట్టుకి వెళ్ళి డమ్మీలతో చూసుకున్నాం. ఒక్కటీ ఇరుక్కోలేదు. సాయిబు గారు నా వంక చూసి, "ఈ రిపేరు మా తాతలకి కూడా తెలీదమ్మా" అన్నారు.

ఫైరింగ్ ఆదివారం వచ్చింది. ఆ రోజే బ్యాంకు వాళ్ళ కార్తీక వనభోజనాలు కూడా ఇబ్రహీంపట్నం దాటాక ఒక మామిడి తోటలో పెట్టుకున్నారు. పొద్దున ఫైరింగ్ చూసి, మధ్యాహ్నం భోజనాలు. రెండు బేసిన్ల పులిహోర చేసుకుని నేనూ వెళ్ళాను. రేంజి దగ్గర మమ్మల్నందరినీ బాగా దూరంగా తాడు వెనక నిలబెట్టారు. పిల్లలున్నారు, రిటైరైనవాళ్ళున్నారు, ఎవరి అమ్మగారో కుర్చీలో ఉన్నారు.

మా ఆయన వంతు వచ్చింది. నేను తాడు పట్టుకుని ముందుకి వంగాను.

మొదటిది పేలింది. కొండ తిరిగి పలికింది. వెనక ఎవరి పిల్లో కెవ్వుమని ఏడ్చింది. మా ఆయన భుజాలు ఆ ఏడుపుకి చటుక్కున వంగాయి. చెయ్యి పిడి మీద ఉండిపోయింది. లాగడం లేదు. తుపాకీ ముందుకే ఉంది గానీ, మనిషి మనసు వెనక్కి, ఆ పిల్ల దగ్గరికి వచ్చేసింది. అంత దూరం నుంచి కూడా ఆ చెయ్యి మెత్తబడటం నాకు కనిపించింది. ఇప్పుడు లాగితే ముప్పాతికే లాగుతారు.

నాకు సిగ్గు, మేనేజరు, మర్యాద ఏవీ గుర్తు లేవు.

"బిందె నిండలేదండీ!" అని అరిచాను.

ఆయన భుజం నిటారుగా లేచింది. ఛక్ ఛక్. పేలింది. ఛక్ ఛక్. పేలింది. ఎక్కించిన తూటాలన్నీ అయ్యేదాకా ఎక్కడా ఆగలేదు. ఖాళీ కేసులు కుడిపక్కన గడ్డిలో వరసగా పడ్డాయి. పరీక్ష చూడడానికొచ్చిన పోలీసాయన తల ఊపి కాగితం మీద ఏదో రాసుకున్నాడు. బ్యాంకు వాళ్ళు చప్పట్లు కొట్టారు. మేనేజరు గారు నా దగ్గరికొచ్చి, "ఏమన్నారమ్మా ఇందాక, ఏదైనా మంత్రమా?" అని అడిగారు. "నీళ్ళ మంత్రమండీ" అని పులిహోర పెట్టాను.

మా ఆయన తుపాకీ ఖాళీ చేసి, చూపించి, సంచిలో పెట్టి తాడు దగ్గరికి వచ్చారు. ఉద్యోగం నిలబడిందని ఎగిరి గంతేస్తారేమో, కనీసం నన్ను మెచ్చుకుంటారేమో అనుకున్నాను. ఆయన మొహంలో కంగారు తగ్గలేదు.

"ఆ పాప బాగా జడుసుకుందా?" అన్నారు.

నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. లేదు, చాక్లెట్టు తింటోంది చూడండి, అని చూపించాను. అప్పుడు నవ్వారు.

సోమవారం నుంచి బ్యాంకులో హాల్లో కాకుండా లోపలి గదిలో తలుపేసుకుని తూటాలు ఎక్కించుకోవడానికి మేనేజరు గారు ఒప్పుకున్నారు. ఏడాదిన్నరగా ఎవరికీ తట్టని సంగతి. ఆ సోమవారం పొద్దున ఆయన బూట్లు మెరిపించుకుంటుంటే, మామ్మగారు ఖాళీ బిందెతో మా గుమ్మం ముందు నుంచి వెళుతూ ఆగింది.

"ఉద్యోగం నిలబడిందటగా నాయనా, సంతోషం. ఇంక నీకు ఆ బోరింగుతో పనేముందిలే" అంది.

మా ఆయన బూటు కింద పెట్టి, యూనిఫాం చేతులు మడిచి, ఆవిడ దగ్గర బిందె అందుకున్నారు. బోరింగు దగ్గరికెళ్ళి, అది నిండేదాకా కొట్టారు.