తివారీగారి డబ్బాలో గుడ్డు

2018లో నన్ను హిందీ ప్రాంతమైన సిల్తారాలో, ఉక్కుకు ముడిసరుకైన స్పాంజ్ ఐరన్ చేసే ఒక కర్మాగారంలో సిస్టమ్స్ విభాగానికి డిప్యూటీ మేనేజరుగా వేశారు. హోదా వినడానికి పెద్దదే గాని, విభాగమంతా కలిపి నేనూ, ఒక ప్రింటరూ. రోజూ నేనుండే తెలీబంధా దగ్గర తెల్లచొక్కాతో కంపెనీ బస్సెక్కి, సాయంత్రం బూడిదరంగు చొక్కాతో దిగేవాణ్ణి.

ఆ వర్షాకాలం నాకు అప్పగించిన పని, జావా అనే కంప్యూటర్ భాషలో ఉన్న క్యాంటీన్ యాప్‌ను కోట్లిన్ అనే కొత్త భాషలోకి మార్చడం. కార్మికులు ఉదయం పదింటిలోగా తమకు కావలసిన భోజనం ఫోనులో చెబుతారు. ఆ పేర్లన్నీ వంటింట్లోని ట్యాబ్‌లో జాబితాగా కనిపిస్తాయి. గుడ్డుకూర కోరినవాళ్ల పేరు పక్కన పసుపు చుక్క ఉంటుంది. ఆ చుక్కల్ని చూసి వంటమనిషి అప్పలరాజు డబ్బాలు కట్టి, మూతల మీద పేర్లంటించి షెడ్లకు పంపేవాడు. అతనిది శ్రీకాకుళం వైపు. పదేళ్లుగా అక్కడే పని.

జాబితాలో నూట నలభై పేర్లున్నా ట్యాబ్ నూట నలభై వరుసలు తయారు చేయదు. తెరకు సరిపడా ఓ పది, పన్నెండు చేసుకుంటుంది. మనం వేలితో జరిపినప్పుడు తెర దాటిపోయిన వరుసనే తెచ్చి, పేరు మార్చి రెండో చివర మళ్లీ వాడుతుంది. ఆ మార్పిడి చేసే ప్రోగ్రాము ముక్కను అడాప్టర్ అంటారు. మా జాబితాకు చుక్కా, షెడ్డు పేరూ వగైరా ఉండటంతో దాన్ని ప్రత్యేకంగా రాసుకోవాలి. పాత జావా అడాప్టర్‌లో, గుడ్డు కోరితే చుక్క చూపించు, లేకపోతే దాచు అని ఉంది. ఖాళీ వరుసలో చుక్క ముందే దాచి ఉంటుంది కదా, మళ్లీ దాచమనడం ఎందుకని రెండో సగం కొట్టేశాను. ఏడు పేర్లతో పరీక్షించాను, బ్రహ్మాండంగా ఉంది. నాకంటే ముందు పనిచేసినవాడు ఎంత చాదస్తుడో అని జాలిపడ్డాను కూడా.

ఉత్తరాది లెక్కలో శ్రావణం మనకన్నా పదిహేను రోజులు ముందే వస్తుంది. ఆ శ్రావణంలో మొదటి సోమవారం, ఇనుప ఖనిజాన్ని కాల్చే కిల్న్ షెడ్డు ఫోర్‌మన్ తివారీగారి డబ్బాలో గుడ్డు వచ్చింది. ఆయన ఉల్లిపాయ కూడా ముట్టని మనిషి. పగలంతా ఉపవాసముండి సాయంత్రం మూత తీశారు. ఆ రోజుకు పొరపాటని ఊరుకున్నారు. రెండో సోమవారం మళ్లీ వచ్చింది. ఈసారి బంగాళాదుంప అనుకుని సగం కొరికేశారు. షెడ్డు దద్దరిల్లింది.

పర్సనల్ విభాగం నన్నడిగింది, యాప్‌లో ఏమైనా తేడా ఉందా అని. నేను సీటు కదలకుండా, ఆ రోజు తివారీగారి ఆర్డరులో గుడ్డు లేదనీ, సిస్టమ్‌లో ఏ దోషమూ లేదనీ మూడు వాక్యాల నోటు రాసి సంతకం చేశాను. దాని ఆధారంగా అప్పలరాజుకు సంజాయిషీ నోటీసు వెళ్లింది. కావాలనే మతాచారానికి భంగం కలిగించినందుకు ఉద్యోగం నుంచి ఎందుకు తొలగించకూడదో మూడు రోజుల్లో చెప్పమని.

ఇంగ్లీషు నోటీసు చదివిపెట్టమని అతను నన్నే వంటింట్లోకి పిలిచాడు. చదివాను. విని అతను ట్యాబ్ నా ముందు పెట్టాడు.

"సార్, మీరే సూడండి. ఊపర్ నుంచి సూస్తే తివారీజీకి సుక్క నేదు. నీచే దాకా ఎల్లి ఇంకోపాలి ఊపరొస్తే సుక్కొచ్చీసింది. డబుల్ చెక్ సేసిన రోజే ఈ గోల. మీ యాపు గుడ్లెడతన్నాది సార్! ఆపీసులో సెప్తే, సిస్టమ్ సాబ్ లిఖ్‌కే దియా, రాసిచ్చీసినారు అన్నారు."

తెరను నేనూ కిందికీ పైకీ జరిపి చూశాను. గుడ్డు కోరిన ఎవరిదో వరుస తివారీగారి పేరు తొడుక్కుని, పాత చుక్కతోనే వచ్చి నిలబడింది. దాచమనే మాట నేనే కొట్టేశాను మరి. ఏడు పేర్లు ఒక్క తెరలో పట్టేస్తాయి కాబట్టి నా పరీక్షలో ఏ వరుసా తిరిగి వాడుకలోకి రాలేదు. నిర్లక్ష్యంగా ఒక్కసారి చూసి వదిలేసే వంటమనిషైతే తివారీగారు క్షేమంగా ఉండేవారు. ఇతను జాగ్రత్తపరుడు కాబట్టి పట్టుబడ్డాడు. ఇంకా ఎంతమందికి అడగని గుడ్డు వెళ్లిందో తెలియదు. వచ్చిన గుడ్డు మీద ఫిర్యాదు చేసేవాళ్లు ఆ కర్మాగారంలో తివారీగారొక్కరే.

అప్పలరాజుకు విషయం వివరించాను. శ్రద్ధగా విన్నాడు.

"అంటే ఎంగిలి కంచం కడక్కుండా ఇంకొకడికి ఎట్టీసినారన్నమాట. మా కిచెన్లో అలగ సేస్తే నౌక్రీ ఊడిపోద్ది సార్."

అతను వెటకారానికి అనలేదు. అందుకే నాకు బాగా తగిలింది. సిగ్గేసింది.

కొట్టేసిన సగాన్ని తిరిగి రాయడానికి పది నిమిషాలు పట్టింది. పాత నోటును ఉపసంహరించుకుంటూ, తప్పు నాదని కొత్త నోటు రాయడానికి మధ్యాహ్నమంతా పట్టింది. పర్సనల్ మేనేజరు అది చదివి, ఇది ఫైలులో ఉండిపోతుంది, నోటిమాటగా చెబితే సరిపోదా అని దయతోనే అడిగారు. నోటీసు నోటిమాటగా ఇవ్వలేదు కదా అన్నాను. సాయంత్రానికి నోటీసు రద్దయింది. నా ప్రమోషన్ ఓ ఏడాది వెనక్కి జరిగింది.

తివారీగారు స్వయంగా వచ్చి తీర్పు చెప్పారు: "గల్తీ ఆప్‌కీ, తో వ్రత్ భీ ఆప్‌కా." తప్పు మీది, కాబట్టి వ్రతమూ మీదేనని. రోజుకు రెండు ఆమ్లెట్లు లాగించే నేను, ఆ శ్రావణంలో మిగిలిన రెండు సోమవారాలూ ఉపవాసమున్నాను. సాయంత్రం అప్పలరాజు నాకోసం సగ్గుబియ్యం కిచిడీ పంపేవాడు. రెండుసార్లూ స్పూనుతో కెలికి చూసుకున్నాకే తిన్నాను.

ఒక భాషలోంచి మరో భాషలోకి మార్చేటప్పుడు, అనవసరమనిపించిన మాటను అది ఎందుకుందో తెలుసుకోకుండా తీసేయకూడదు. జాబితాను నిండా పేర్లతో, పైనుంచి కిందికీ, కిందినుంచి పైకీ పరీక్షించాలి. ఈ రెండూ ఏ పుస్తకంలోనైనా దొరుకుతాయి. నేను నేర్చుకున్నది వేరు. ప్రోగ్రాములో నా తప్పు తివారీగారి రెండు భోజనాలు చెడగొట్టింది. ఒక మనిషి ఉద్యోగం మీదికి వచ్చింది మాత్రం, వంటింటి దాకా నడవకుండా నేను సంతకం చేసిన ఆ మూడు వాక్యాల వల్ల.