చింతపండుతో తోమిన ఇంజన్

ఆ ఇత్తడి ఇంజన్‌ను మసితో, తుప్పుతో, సున్నపు చారలతో పూర్తిగా చూసినదాన్ని లోకంలో నేనొక్కదాన్నే. ఈ మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. రోజూ డైరీ రాసే అలవాటున్నా అందులోనూ రాయలేదు. మా ఇంట్లోవాళ్లకు తెలిసిన ఇంజన్ వేరు. అది పండుగకు తోమిన చెంబులా మెరుస్తుంది.

లడాయి రోజులవి, జర్మనీతో యుద్ధం నడుస్తోంది. అమీర్‌పేటలో మేము ముగ్గురం ఉండేవాళ్లం: నాయన, నాయనమ్మ, నేను. నాయన రైల్వే వర్క్‌షాపులో ఫిట్టర్. ఆయన అన్న, మా పెద్దనాయన, పంజాగుట్టలో ఉండేవాడు. గూడ్సు బండి డ్రైవర్. ఒకరోజు షెడ్డులో ఇంజన్ దిగుతూ రొమ్ము పట్టుకుని కూలబడ్డాడట. మోసుకొచ్చి మంచం మీద పడుకోబెట్టారు. మళ్లీ డ్యూటీకి పోలేదు. ఆయన నడిపిన ఇంజన్‌ను లడాయి పనికని ఎటో పంపేశారు. ఏ ఊరికో ఎవరూ చెప్పలేదు.

మధ్యాహ్నాలు నేను నడిచిపోయి ఆయనకు చదివి వినిపించేదాన్ని. నలుగురిలో నోరు పెగలని నాకు పుస్తకం చేతిలో ఉంటే గొంతు వచ్చేది. కీర్తనలు చదివితే ఆయన కళ్లు మూసుకునేవాడు, పత్రిక చదివితే తెరిచేవాడు. ఒకనాడు మధ్యలో ఆపి అన్నాడు:

“బిడ్డా, ముప్పై ఏండ్లు బండ్లు నడిపిన. ఆఖరి దినం మాత్రం నా బండి దిక్కు మర్లి చూడకుంటనే వచ్చిన. ఒక్కపారి చూస్తే మంచిగుండు.”

ఇంటికొచ్చి ఆ మాట నాయనకు చెప్పాను. ఆ ఆదివారం ఏసు గుడి నుంచి వచ్చాక నాయన ఇత్తడి రేకు ముక్కలు ముందేసుకుని కూర్చున్నాడు.

వానలు వెనకపట్టేసరికి అన్న బండికి నకలుగా మూరెడు బొమ్మ ఇంజన్ తయారైంది. బాయిలర్, పొగగొట్టం, చక్రాలు, డ్రైవర్ నిలబడే గూడు, గుండుసూది తలలంత రివెట్లు. ఇక రంగు వేయాలి. చేతి జిడ్డు అంటిన ఇత్తడికి రంగు పట్టదని చెప్పి నాయన దాన్ని నాయనమ్మ ముందు పెట్టాడు.

“అమ్మా, జర చింతపండేసి తోమి పెట్టు.”

నాయనమ్మ దాన్ని ఒళ్లో పెట్టుకుని పసిపిల్లకు స్నానం పోసినట్టు తోమింది. “మీ అన్నకు సుత గిట్లనే తానం పోసిన. వాడు గింత నిమ్మలంగ ఉండకపోతుండె,” అంది. ఇంజన్ బంగారంలా వచ్చింది. దాని మీద నాయన నల్ల రంగు పూస్తుంటే ఆమెకు ప్రాణం పోయినంత పనైంది. “గంత మంచిగ తోమితే బొగ్గు లెక్క చేస్తివి గదరా!”

రంగు ఆరకముందే నాయనను వర్క్‌షాపువాళ్లు కాజీపేట పంపారు. క్రిస్మస్‌కు వస్తానని, పండుగనాడే అన్నకు ఇద్దామని చెప్పి పోయాడు.

నాయన చేసిన ఇంజన్ నల్లగా ధగధగలాడుతోందని పెద్దనాయనకు నేనే చెప్పాను. ఆయన మొహం చిన్నబోయింది.

“మెరిసేది పెద్ద సాబులు ఎక్కే బండి. నాది బొగ్గు మోసే బండి. నేను దిగిననాడు ఎట్లుండెనో అట్లుంటేనే అది నాది.”

“ఎట్లుండె పెద్దనాయనా?”

ఇక చదువు పక్కకు పోయింది. రోజూ ఆయన కళ్లు మూసుకుని చెప్పడం, నేను వినడం. కుడివైపు బాయిలర్ మీంచి సున్నపు నీళ్ల చార, మేకపాలు కారినట్టు సన్నగా ఉండాలి. పొగగొట్టం మూతి దగ్గర మసి మందంగా, వెనక్కి పోను పోను పలచగా. మెట్టు మీద తన బూటు అరిగించిన చోట రంగు ఉండకూడదు. గూడు అంచున మోచెయ్యి ఆనించే చోట మాత్రం నున్నగా మెరవాలి. “గది నా మోచెయ్యి తోమిన జాగ,” అని నవ్వాడు. ఆ నవ్వుకు దగ్గు వచ్చింది.

నేను బేగంపేట స్టేషన్ కంచె పక్కన నిలబడి గూడ్సు ఇంజన్లను చూసి వచ్చేదాన్ని. తర్వాత, నాయనమ్మ నిద్రపోయాక, ఇంట్లో పని. దీపం మీద మూకుడు బోర్లించి మసి పట్టాను. దాన్ని కిరసనాయిలులో కలిపి కుంచెతో పూసి, ఆరీ ఆరకముందే గుడ్డతో పైనుంచి కిందికి తుడిచేదాన్ని. మసి రివెట్ల చుట్టూ నిలిచేది, మిగతా చోట నీడలా మిగిలేది. తుప్పుకు ఎర్ర జాజు, చారకు సున్నం. కడ్డీల కీళ్ల దగ్గర ఆముదం చుక్క. పైన వార్నిష్ వేస్తే గట్టిపడేది గానీ ఆ రోజుల్లో అది ఎక్కడా దొరకలేదు. ముట్టుకోకుండా ఉంటే చాలనుకున్నాను.

క్రిస్మస్‌కు ముందు రోజు పొద్దున అది పూర్తయింది. గోడ గూటిలో పెట్టి దూరంగా నిలబడి చూశాను. ఎక్కడి నుంచో బరువు మోసి, అప్పుడే వచ్చి ఆగినట్టుంది. పెద్దనాయన మొహం ఎలా మారుతుందో అప్పుడే కనబడింది నాకు. ఆ సంతోషంతోనే పాటల సాధనకు గుడికి పోయాను. ఆనాడు నా గొంతు పక్కవాళ్లకు కూడా వినబడింది.

తిరిగి వచ్చేసరికి గోడ మీద తోమిన ఇత్తడి అంతా ఎండలో ఆరుతోంది. కాగు, చెంబులు, దీపపు స్తంభం. వాటి పక్కన ఇంజన్.

“చూసినవా బిడ్డా,” అంది నాయనమ్మ, చేతులు కొంగుకు తుడుచుకుంటూ. “మసి, జాజు, జిడ్డు... ఎన్ని దినాలైందో ఎవరన్న తుడిచి! పండుగ పూట పెద్దోడికి గట్ల ఇస్తమా? మొన్న మీ నాయన నాతోనే గద కడిగిపిచ్చింది. గిప్పుడు ఆయన లేకపాయె, నేనే యాది చేసుకొని కడిగిన.”

చార లేదు. మసి లేదు. చింతపండు, బూడిద కలిపి రుద్దిన చోట నల్ల రంగు కూడా లేచి, బాయిలర్ వెంబడి ఇత్తడి మెరుస్తోంది. నాయనమ్మ అరచేతులు చలికి పగిలి ఉన్నాయి. ఆ పగుళ్లలో చింతపండు పులుసు ఎంత మండి ఉంటుందో నాకు తెలుసు.

“మంచిగైంది నాయనమ్మా,” అన్నాను.

పండుగనాడు తెల్లవారుజాము బండికి నాయన వచ్చాడు. ఇంజన్ చూసి “అమ్మా, నా రంగు గీకినవా?” అని నెత్తి కొట్టుకుని నవ్వాడు. ఆయనకు తెలిసింది అంతే. ఆరాధన అయ్యాక టాంగా ఎక్కి ముగ్గురం పంజాగుట్ట పోయాం.

అక్కడ పెద్దనాయన బండిలో బొగ్గు వేసిన ఫైర్‌మన్ చాచా ఉన్నాడు. పెద్దమ్మ వండే పలావ్ కోసం ఏ క్రిస్మస్‌కూ తప్పేవాడు కాదు. ఇంజన్ చూడగానే మాట అందుకున్నాడు.

“అరె ఉస్తాద్, గిది మన బండేనా? దుల్హన్ లెక్క, కొత్త పెండ్లిపిల్ల లెక్క తయారైంది!”

“నవ్వకు నువ్వు,” అంది నాయనమ్మ. “డ్యూటీ దిగొస్తే మీ ఇద్దరికి తెల్లగుండేటివి పండ్లే. నేనే తోమిన.”

“అమ్మీ, నువ్వు ఇంకింత తోముతే ఉస్తాద్ సుత మెరుస్తడు!”

అందరూ నవ్వారు. పెద్దనాయన దాన్ని రెండు చేతులా పట్టుకుని ముందుకూ వెనక్కూ తిప్పాడు. బాయిలర్ మీద వేలు రాసి, వేలి వంక చూసుకున్నాడు. ఏమీ అంటలేదు. “మస్తు మెరుస్తుందమ్మా,” అన్నాడు నాయనమ్మతో. ఆమె మొహం నవ్వుతో నిండిపోయింది.

తర్వాత ఇంజన్‌ను బోర్లించాడు. చక్రాల లోపలికి, నాయనమ్మ వేళ్లు పట్టని చోటికి చిటికెనవేలు దూర్చి తీశాడు. వేలి కొన నల్లగా ఉంది. దాన్ని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. కిరసనాయిలు వాసన వచ్చి ఉంటుంది. తల ఎత్తి, అంతమందిలో నా ఒక్కదాని వైపు చూశాడు. నేను పలావ్ పళ్లేలు అందుకోవడానికి లోపలికి పోయాను. అక్కడే నిలబడిపోయాను.

కొత్త సంవత్సరం ఆరాధన రాకముందే పెద్దనాయన పోయాడు. ఇంజన్ ఇప్పుడు మా గూటిలోనే ఉంది. ఏటా క్రిస్మస్‌కు నాయనమ్మ దాన్ని పెద్దకొడుకు పేరు చెప్పుకుంటూ తోముతుంది. నల్ల రంగు దాదాపు పోయింది. ఒకసారి దీపం మీద మూకుడు బోర్లించి కొంచెం మసి పట్టాను. కిరసనాయిలు కూడా కలిపాను. ఎవరికి చూపాలో తెలియక పారబోశాను.

ఆ పండుగనాడు టాంగా ఎక్కబోతూ సెలవు తీసుకోవడానికి మంచం దగ్గరికి వెళ్లినప్పుడు, ఆయన ఆ నల్లటి వేలు ఇంకా తుడుచుకోలేదు. నాయనమ్మకు వినబడకుండా నా చెయ్యి పట్టుకుని మెల్లగా అన్నాడు:

“ఫికర్ చెయ్యకు బిడ్డా. మసి యాడికి పోతది, మల్ల పూద్దువు తియ్. తొందరేమున్నది?”