గిద్దలూరులో దొరికిన ముద్రలేని ఫ్లూటు

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మూడో ఏట, ఎండాకాలం మొదట్లో, నన్ను గిద్దలూరు పంపారు. గిద్దలూరు, మార్కాపురం తాలూకాలు అప్పటికి కర్నూలు జిల్లాలోనే ఉండేవి. నేను ప్రభుత్వ మ్యూజియంలో టెక్నికల్ అసిస్టెంటుని. క్యూరేటరుకు కింద, గ్యాలరీ అటెండర్లకు పైన ఉండే ఉద్యోగం. వచ్చిన ప్రతి వస్తువునూ కొలిచి, దేనితో చేశారో, ఎవరు చేశారో రిజిస్టరులో రాయాలి. చేరి ఏడాది నిండలేదు, ఇంకా ప్రొబేషన్‌లోనే ఉన్నాను.

అప్పగించిన పని వినడానికి సులువుగానే ఉంది. రైలు మార్గం మీద పనిచేసిన ఐర్లండు ఇంజనీరు ఒకాయన స్వాతంత్ర్యానికి ముందే గిద్దలూరులో జ్వరంతో చనిపోయాడు. తమ తాతగారి కొయ్య ఫ్లూటు అన్న దగ్గరే ఉండిపోయిందని, దొరికితే పంపమని ఆయన చెల్లెలు ఇన్నేళ్లకు కలెక్టరుకు ఉత్తరం రాసింది. తహశీల్దారు విచారిస్తే అలాంటిదొకటి చెన్నమ్మ అనే ఆవిడ ఇంట్లో దొరికింది. చెన్నమ్మ తండ్రి బ్రహ్మయ్య వడ్రంగి. ఇంజనీరు బంగళాలో కొయ్యపనులన్నీ ఆయనే చేసేవాడట. తహశీల్దారు ఆ ఫ్లూటును తాలూకా కచేరీకి తెప్పించాడు. ఉత్తరంలో చెప్పింది ఇదేనా కాదా అన్నది నేను తేల్చాలి.

అలాంటి వాయిద్యాల మీద చేసినవాడి పేరు ముద్ర వేసి ఉండడం మామూలు. దీని మీద ఏ ముద్రా లేదు. ఉండదని చెల్లెలే రాసింది. చేసినవాడు వాళ్ల ఊళ్లో కుర్చీ కాళ్లు చెక్కుకునే పనివాడట. ఆవిడ రెండు గుర్తులు మాత్రం ఇచ్చింది. నోరు పెట్టి ఊదే పై ముక్కకు ఒక పగులు, దాని మీద చుట్టిన దారం. ప్రతి అతుకు దగ్గరా రెండేసి సన్నటి గీతలు.

మూడు ముక్కలూ విప్పి బల్ల మీద పెట్టాను. పగులు ఉంది, దారం ఉంది, గీతలూ ఉన్నాయి. కాలిపర్స్ పెట్టి కొలిచినప్పుడు మొదలైంది చిక్కు. ఈ రకం ఫ్లూటు మన వెదురు పిల్లనగ్రోవిలా ఉండదు. పై ముక్క దాటాక లోపలి బెజ్జం కిందికి పోయేకొద్దీ సన్నబడుతుంది. ఇందులో మొదటి అతుకు దగ్గర చిన్న మెట్టులాంటిది తగిలింది. నూనె పట్టి మూడు ముక్కలూ ఒకేలా నల్లగా ఉన్నాయి గానీ కిందివి ఉండాల్సినదానికంటే బరువనిపించాయి. మూడుసార్లు కొలిచాను. మూడుసార్లూ అదే లెక్క. అరిగి ఉంటుంది అనుకున్నాను. అరిగితే అంత కచ్చితమైన అంచు ఎలా వస్తుందో అర్థం కాలేదు. చివరికి గుర్తులు కలిశాయి కదా అని, ఫ్లూటు ఇదేనని తహశీల్దారుకు నివేదిక ఇచ్చి, క్యూరేటరుకు టెలిగ్రాం కొట్టాను.

మర్నాడు పొద్దున చెన్నమ్మ కచేరీకి వచ్చింది. యాభై దాటిన మనిషి. గొంతు పెంచకుండానే అడిగింది.

"అది మా నాయన చేసినాడయ్యా. దొర చెల్లెలిదని ఎట్ల రాసినావు?"

పగులూ గీతలూ చూపించాను.

"తలకాయ దొరదే. నేను కాదన్లేదే. కింద రెండూ చెదలు తినిపోయినాయి. అట్లాంటివే చెయ్యమని దొర మా నాయనకిచ్చినాడు. తుమికి చేవ తెప్పిచ్చి తరిమెన పట్టినాడు మా నాయన. అయిదు చెడిపోయినాక ఆరోసారి పలికింది. దొర ఊది చూసి నవ్వినాడు. కొయ్యకు నూనె పట్టాల, వారం ఉండనియ్యమన్నాడు మా నాయన. ఆ వారంలోనే దొర పోయినాడు."

తుమికి చేవ అంటే తుమికి మాను నడిమి నల్లటి బరువైన కొయ్య. తరిమెన అంటే కొయ్యను గిర్రున తిప్పుతూ గుండ్రంగా చెక్కే సాధనం. బ్రహ్మయ్య కొత్త ముక్కల మీద పాత గీతలు కూడా దించాడన్నమాట. కానీ నోటిమాట నివేదికలో నిలవదు. చెడిపోయినవాటిలో ఒక్కటైనా మిగిలిందా అని అడిగాను.

"పొయ్యికాడ ఒకటుంది" అంది ఆలోచించి.

ఫ్లూటు వెంట తీసుకుని వాళ్లింటికి వెళ్లాను. ఆవిడ నా చేతికిచ్చింది ఊదుగొట్టం. ఒక కొస మాడిపోయింది. మిగిలినంతవరకు కొలిస్తే, బెజ్జం సన్నబడే తీరు ఫ్లూటు నడిమి ముక్కతో సరిపోయింది. టార్చి వేసి లోపలికి చూశాను. బెజ్జం తొలిచిన పనిముట్టు అంచుకు చిన్న నొక్కు ఉండి ఉంటుంది. అది వదిలిన గీరు ఊదుగొట్టంలోనూ ఫ్లూటు కింది రెండు ముక్కల్లోనూ ఒకేలా కనిపించింది. పై ముక్కలో లేదు.

చేసింది ఎవరో తేలింది, ఇద్దరు. ఫ్లూటు ఎవరిదన్నది మాత్రం ముందుకంటే చిక్కుపడింది. నీకేం కావాలమ్మా అని అడిగాను.

"మా నాయన చేసిన బండ్లు, మంచాలు అన్నీ అరిగిపోయినాయి. ఇదొకటే మిగిలింది. ఆమె తాత ముక్క ఆమెకు పంపియ్యి. మా నాయనవి నాకియ్యి."

విడదీస్తే ఇక ఎక్కడా పలకదని, మ్యూజియం పద్ధతికి అది విరుద్ధమని చెప్పాను.

"ఇప్పుడు మాత్రం ఎవరు ఊదుతున్నారయ్యా?" అంది.

మొదటి నివేదిక వెనక్కి తీసుకుంటూ రెండోది రాశాను. చెన్నమ్మ కోరింది కూడా ఉన్నదున్నట్టు చేర్చాను. ఒక్కరోజు తేడాతో పరస్పర విరుద్ధమైన నివేదికలు ఇచ్చినందుకు క్యూరేటరు నా ప్రొబేషన్ ఆరు నెలలు పొడిగించాడు. కొన్ని నెలలకు కలెక్టరు ఉత్తర్వు వచ్చింది. పై ముక్క ఐర్లండుకు, కింది రెండూ చెన్నమ్మకు. పై ముక్కను దూదిలో చుట్టి పార్సిల్ కట్టింది నేనే. అందినట్టు చెల్లెలు రెండు వాక్యాల ఉత్తరం రాసింది. కింది ముక్కల ఊసు అందులో లేదు.

ఆ పంపకం సరైనదో కాదో నాకు ఈనాటికీ తేలలేదు. పని విషయంలో మాత్రం రెండు సంగతులు నేర్చుకున్నాను. కొలత లెక్కకు ఒదగకపోతే, కారణం దొరికేదాకా నివేదిక మీద సంతకం పెట్టకూడదు. వస్తువు ఎవరింట్లో దొరికిందో ముందుగా ఆ ఇంటివాళ్లను అడగాలి. గిద్దలూరులో నేను అడగలేదు. ఆవిడే నడిచి వచ్చి చెప్పింది.