చీఫ్ గారి వేలు

రెండు వేల ఒకటి జూన్. ఉదయం ఏడున్నరకు విశాఖలో రైలు దిగాను. ఎనిమిదికల్లా యూనిఫాం వీపుకు అతుక్కుపోయింది. భుజాన కిట్ బ్యాగు, చేతిలో ఆర్డరు: నేవీ సిగ్నల్ ఆఫీసు, రెండేళ్ళు. హార్బరు వైపు ఒక కిటికీ, రెండు కంప్యూటర్లు. తుపాకుల కథ కావాలనుకునేవాళ్ళు ఇక్కడే ఆగిపోవచ్చు. నా యుద్ధమంతా కీబోర్డు మీదే.

సందేశాలు టైపు చేసే చీఫ్ పెట్టీ ఆఫీసరుని అందరం చీఫ్ గారనేవాళ్ళం. ఆయనది భీమిలి. ఇరవై ఏళ్ళు టెలిప్రింటరు మీద బాదిన చెయ్యి. గట్టిగా నొక్కితేనే అచ్చు పడే మీటలవి. కంప్యూటరు మీదా వేలు అలాగే నొక్కిపట్టేవారు. సముద్రంలో దిగే డైవర్లను నలుగురిని పంపమన్న సందేశం, నాలుగు అంకె రెండుసార్లు పడి నలభై నలుగురని వెళ్ళింది.

పై అధికారి ఇంటర్‌కంలో అరిచాడు. "శుక్రవారం పదింటికి పరీక్ష పెడతా. ఒక్క తప్పొచ్చినా ఆయన్ని గోడౌన్‌కి పంపేస్తా."

"నానొక్కసారే నొక్కినాను మేడమ్. ఇదే ఎగస్ట్రా ఏసేత్తంది," అన్నారు చీఫ్ గారు.

ఆయన కంప్యూటర్‌లో కంట్రోల్ ప్యానెల్ తెరిచాను. వికలాంగుల కోసం పెట్టిన సౌకర్యాలుండే చక్రాల కుర్చీ బొమ్మ మీద నొక్కబోతుంటే ఆయన లేచి నిలబడ్డారు.

"నాకేటి, కాళ్ళు లేవా? గోడౌనే నయం!"

"కళ్ళజోడు పెట్టుకున్నారుగా, కళ్ళు లేవా?"

"అది సదవడానికండి."

"ఇది రాయడానికి."

కూర్చోలేదు. ఇక నా కంప్యూటర్‌లోనే ముందు ఆ బొమ్మ తెరిచాను. క్యాప్స్ లాక్ నొక్కి మర్చిపోవడం నా జబ్బు. టాగుల్ కీస్ పెట్టాను. ఈసారి క్యాప్స్ లాక్ తగలగానే కుయ్యిమంది. చీఫ్ గారు పకపకా నవ్వారు.

"మేడమ్‌కీ కుర్చీయేనా!" అని కూర్చున్నారు.

ఆయన కంప్యూటర్‌లో ఫిల్టర్ కీస్ పెట్టాను. ఎంతసేపు నొక్కిపట్టినా అక్షరం ఒక్కటే పడుతుంది. చెరిపే మీట కూడా నొక్కుకొక్క అక్షరమే చెరుపుతుంది. దానికి మూడు రోజులు నా మీద సణిగారు.

శుక్రవారం పది. బయట వాన. అధికారి పాత సందేశమే చదివాడు. చీఫ్ గారు కొట్టారు. తప్పు లేదు.

"ఎలా కొట్టావయ్యా?"

"మేడమ్ కుర్చీ ఏసినారు సార్."

రెండేళ్ళయ్యాక రాజమండ్రి వచ్చేశాను. ఆ గది గోడల రంగు కూడా గుర్తులేదు. గుర్తున్నదొక్కటే. ఆ శుక్రవారం తెర మీద ఒకే ఒక్క నాలుగు. పక్కన కర్సరు కొట్టుకుంటోంది. చీఫ్ గారి బండ వేలు ఇంకా మీట మీదే ఉంది, తీస్తే ఏమవుతుందోనన్నట్టు.


"తియ్యండి చీఫ్ గారూ," అన్నాను.